తొలి దిద్దుబాటు నిలవాలంటే...

కిరణజన్య సంయోగక్రియ గురించి వికీపీడియాలో ఉన్న వ్యాసానికి ఓ డిగ్రీ విద్యార్థిని రెండు పేరాలు చేర్చిందనుకుందాం. పావుగంటలో అవి మాయమయ్యాయి. కారణం చరిత్ర పేజీలో ఉంది గానీ, అలాంటి పేజీ ఒకటుందని ఆమెకు తెలియదు. ఆమె మళ్లీ రాస్తుందా?

ఈ ప్రశ్నపై పరిశోధన జరిగింది. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుకైన రచయితల సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది. మంచి ఉద్దేశంతో వచ్చే కొత్తవారి పాలు మాత్రం తగ్గలేదని ఆరన్ హాఫేకర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. పెరిగిందల్లా వారి తొలి దిద్దుబాట్లను తిరస్కరించడమే. ఆకతాయి రాతలను ఆపేందుకు తయారైన సాధనాలు తెలియక తప్పు చేసినవారినీ సాగనంపాయి.

అలాగని తప్పులను వదిలేయలేం. 2011లో పుణె కళాశాలల్లో వికీమీడియా ఫౌండేషన్ ఓ ప్రయోగాత్మక కార్యక్రమం చేపట్టింది. వందలాది విద్యార్థులు ఇంగ్లిష్ వికీపీడియాలో రాశారు. చాలామంది పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి వాక్యాలను యథాతథంగా ఎత్తి పెట్టారు. కాపీహక్కుల ఉల్లంఘనలను తొలగించడం స్వచ్ఛంద రచయితలకు తలకు మించిన పనైంది. ఆ ఏడాదే కార్యక్రమం ఆగిపోయింది. విద్యార్థుల సంఖ్యకు తగినంతమంది మార్గదర్శకులు లేకపోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

భారతీయ భాషల వికీపీడియాల్లో రచయితలు తక్కువ. అక్కడ ఒక్కరు వెనుదిరిగినా లోటు కనిపిస్తుంది. అందుకే ముఖాముఖి పరిచయానికి విలువ ఎక్కువ. 2004లో మొదలైన బెంగాలీ వికీపీడియా పదేళ్ల వేడుక 2015 జనవరిలో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో జరిగింది. విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో రాశారు. నియమాన్ని తెరమీద చదవడం వేరు, పక్కన కూర్చున్నవారిని అడిగి తెలుసుకోవడం వేరు.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కొత్త వాడుకరి చర్చాపేజీలో స్వాగత సందేశం పెట్టడం ఆనవాయితీ. సాధన చేయడానికి ప్రయోగశాల, సందేహాలు అడగడానికి సహాయ కేంద్రం, అందరితో మాట్లాడటానికి రచ్చబండ ఉన్నాయి.

విద్యార్థికి మొదట చెప్పాల్సినవి మూడే: చదివింది సొంత మాటల్లో రాయాలి, ప్రతి విషయానికీ మూలం చూపాలి, చిన్న దిద్దుబాటుతో మొదలుపెట్టాలి. అనుభవజ్ఞులకు చెప్పాల్సింది ఒక్కటే: తొలగించినప్పుడు ఎందుకు తొలగించారో ఆమె చర్చాపేజీలో రెండు వాక్యాలు రాయండి. అవి చదివాక ఆ పేరాలను సరిదిద్ది, మూలంతో సహా మళ్లీ చేర్చే అవకాశం ఆమెకు ఉంటుంది.