రాబందులు కరవైతే మూల్యం చెల్లించింది మనుషులే

ఇతరుల కష్టాన్ని సొమ్ము చేసుకునేవారిని రాబందులతో పోల్చడం మనకు పరిపాటి. ఆ పక్షి జాతి దేశానికి ఉచితంగా చేసిన సేవ విలువను ఆర్థికవేత్తలు లెక్కగట్టిన తరువాత ఆ పోలిక ఎంత అన్యాయమైనదో తేటతెల్లమైంది. రాబందులు అంతరించిన ఫలితంగా 2000-2005 సంవత్సరాల మధ్య భారతదేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించారని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాల్ ఫ్రాంక్, వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనంత్ సుదర్శన్ అంచనా వేశారు. వీరి పరిశోధన 2024లో 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ' పత్రికలో ప్రచురితమైంది. ఈ మరణాల వల్ల వాటిల్లిన నష్టం ఏటా 6,940 కోట్ల డాలర్లని వారు లెక్క తేల్చారు.

రాబందులు విస్తారంగా సంచరించిన జిల్లాలను, అవి సహజంగానే అరుదైన జిల్లాలతో పోల్చి వారు ఈ నిర్ధారణకు వచ్చారు. క్షీణతకు ముందు ఈ రెండు తరహా జిల్లాలలోనూ మరణాల రేటు దాదాపు సమానమే. ఆ తరువాత మొదటి తరహా జిల్లాలలో అది 4 శాతానికి పైగా పెరిగింది. పశుసంపద అధికంగా గల పట్టణ ప్రాంతాలలో ఈ ప్రభావం మరీ తీవ్రంగా కనిపించడం గమనార్హం.

కారణం ఊహాతీతమేమీ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైమాటే. చచ్చిన గొడ్లను ఊరి వెలుపల పడవేయడం తరతరాల ఆనవాయితీ. గుంపుగా వాలిన రాబందులు కళేబరాన్ని గంటలోపే ఎముకల గూడుగా మార్చేవి. అవి కరవైనచోట కళేబరాలు కుళ్లి నీటిని కలుషితం చేశాయి. వీధికుక్కల సంతతి పెరిగింది. రేబిస్ టీకాల అమ్మకాలూ పెరిగాయి.

చౌక మందు చేసిన చేటు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలదేవ్ ఉద్యానవనంలో రాబందులు రాలిపోతున్నాయని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1990వ దశకంలోనే గుర్తించారు. 1992-2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. తొలుత ఏదో అంటువ్యాధి అని అనుమానించారు. అసలు దోషి పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ అని 2004లో పాకిస్థాన్‌లో జరిగిన పరిశోధన రుజువు చేసింది. ఆ మందు పొందిన కొద్ది రోజులకే మరణించిన పశువు మాంసం తింటే రాబందు మూత్రపిండాలు దెబ్బతిని, యూరిక్ ఆమ్లం అవయవాలపై పేరుకొని ప్రాణం పోతుంది. నూరు కళేబరాలలో ఒక్కదానిలోనైనా మందు లేకపోయినా ఈ స్థాయి వినాశనం సాధ్యమేనని శాస్త్రవేత్తలు గణించారు.

భారత్, పాకిస్థాన్, నేపాల్ ప్రభుత్వాలు 2006లో, బంగ్లాదేశ్ 2010లో పశువైద్యంలో ఈ మందును నిషేధించాయి. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు మళ్లించడంతో, సూదిమందు పరిమాణాన్ని భారత ప్రభుత్వం 2015లో 3 మిల్లీలీటర్లకు కుదించవలసి వచ్చింది. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉన్నదని 2006 నుంచే తెలుసు. అయినప్పటికీ వాటికి ముప్పుగా తేలిన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లపై నిషేధానికి 2023 వరకు, నిమెసులైడ్‌పై నిషేధానికి 2024 చివరి వరకు వేచి ఉండవలసి వచ్చింది.

ముందే పరీక్షించాలి

ఆడ రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. కనుక నష్టం కొద్ది ఏళ్లలో జరిగినా, కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. హర్యానాలోని పింజోర్ మొదలు హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాల వరకు పలుచోట్ల సంతానోత్పత్తి కేంద్రాలు ఏర్పాటయ్యాయి. నేపాల్‌లోని పిఠౌలీ గ్రామస్థులు ముసలి పశువులను సేకరించి, సహజంగా మరణించేదాకా పోషించి, మందుల జాడలేని ఆ కళేబరాలను రాబందులకు ఆహారంగా పెడుతున్నారు.

ఈ కృషి నిష్ఫలం కాకూడదంటే మందుల అనుమతి విధానమే మారాలి. ఏ పశు ఔషధమైనా అంగడికి చేరకముందే రాబందులకు సురక్షితమో కాదో తేల్చే పరీక్షను తప్పనిసరి చేయాలి. ఆ పరీక్షకు అయ్యే వ్యయాన్ని తయారీ సంస్థలే భరించాలి. ఒక చౌక మందు లాభం కొందరికి దక్కి, దాని నష్టం మంచినీటికీ కుక్కకాటుకూ బలైన సామాన్యులపై పడిన చరిత్ర పునరావృతం కాకుండా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.