ఖరీదైన ఆడియో కన్వర్టర్ కొంటే మీ వాయిస్ మారుతుందా? చూడకుండా విని తేల్చుకుందాం

సబ్బవరం నుంచే మాట్లాడుతున్నా. వెనకాల హైవే మీద లారీల సౌండ్ వస్తే ఏమనుకోకండి, ఈరోజు టాపిక్‌లో సగం అదే.

మా చిన్నాన్న కూతురు కవర్ సాంగ్స్ పాడుతుంది. మొన్న వచ్చి, "అన్నయ్యా, నా వాయిస్ డబ్బాలో పాడినట్టు వస్తోంది. మంచి కన్వర్టర్ ఉన్న ఇంటర్‌ఫేస్ ఈఎంఐలో తీసుకుంటా" అంది. ఉద్యోగంలో చేరి రెండు నెలలే అయింది. ఆగమ్మా, ముందు టెస్ట్ చేద్దాం అన్నా.

కన్వర్టర్ అంటే మైక్ నుంచి వచ్చే సిగ్నల్‌ని సెకనుకి 44,100 సార్లో, 48,000 సార్లో కొలిచి నంబర్లుగా మార్చే చిప్. వినేటప్పుడు రివర్స్‌లో మార్చేది ఇంకొకటి. మీ ఫోన్‌కి పెట్టే టైప్-సి డాంగిల్స్ చాలావాటిలో ఉండేది ఇదే. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ లెక్క. బెహ్రింగర్ యూఎంసీ22 లాంటి 16 బిట్ బాక్స్‌కి 96 దాకా. స్కార్లెట్ 2ఐ2 లాంటి 24 బిట్‌కి పేపర్ మీద 144, కానీ ఇళ్లలో వాడేవి నిజంగా 110, 120 దగ్గరే ఆగిపోతాయి.

మరి మన గది సంగతో? ఫ్యాన్ తిరుగుతూ, బయట లారీలు పోతుంటే, పాటకీ గదిలో నాయిస్‌కీ మధ్య 50 డెసిబెల్స్ మిగిలితే గొప్ప! ఇక 96 అయితేనేం, 120 అయితేనేం?

టెస్ట్ ఇలా చేశాం. ఒకే పాటని బాక్స్ అవుట్‌పుట్ నుంచి కేబుల్‌తో దాని ఇన్‌పుట్‌కే ఇచ్చి రికార్డ్ చేశాం. రెండు బాక్సులతోనూ ఇలాగే. ఇందులో మైక్ లేదు, గది లేదు. మొదటిసారి విన్నప్పుడు ఇద్దరం ఖరీదైనదే బాగుందన్నాం. తీరా చూస్తే అది ఇంచుమించు 1 డెసిబెల్ గట్టిగా ఉంది! మన చెవికి గట్టిగా వినిపించేదే మంచిదనిపిస్తుంది, అక్కడే అందరం బోల్తా పడేది. ఆడాసిటీలో లెవెల్స్ 0.1 డెసిబెల్ లోపు సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా పది సార్లు వినిపించా. తనకి 6 కరెక్ట్. బొమ్మా బొరుసా వేసినా 5 వస్తాయి కదా. 9 వస్తే నమ్మేవాణ్ణి.

ఇది మా ఇంటి కథే కాదు. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు హై-రెజల్యూషన్ డిస్కుల మధ్యలో 16 బిట్ కన్వర్టర్ పెట్టి జనాలకి వినిపించారు. 554 సార్లలో 276 కరెక్ట్, అంటే సగం కూడా కాదు. పాట లేకుండా వాల్యూమ్ బాగా పెంచితే మాత్రం నాయిస్ తేడా తెలిసింది.

అలాగని చవక బాక్స్, ఖరీదు బాక్స్ ఒకటే అనట్లేదు. డైనమిక్ మైక్ పెట్టి గెయిన్ ఫుల్‌గా తిప్పితే కొన్నిట్లో 'స్స్' మని వస్తుంది. అది ప్రీయాంప్ గొడవ, కన్వర్టర్‌ది కాదు. అది మీకు నిజంగా ఇబ్బందైతే డబ్బు పెట్టండి, తప్పులేదు.

చివరికి ఏం చేశామంటే, వెనకాల రెండు బొంతలు కట్టాం, ఫ్యాన్ ఆపాం, మైక్ జానెడు దూరానికి తెచ్చాం, రాత్రి పదకొండు దాటాక పాడించాం. డబ్బా సౌండ్ చాలావరకు పోయింది. చెమటలు పట్టాయనుకోండి, అది వేరే విషయం. ఈఎంఐ ఊసు మళ్లీ ఎత్తలేదు.

మీకు పదికి ఎన్ని వచ్చాయో కామెంట్ పెట్టండి. 9 దాటితే ఆ ఫైల్స్ పంపండి, నేనూ వింటా. బై!