గాయపడితేనే వచ్చే బ్యాడ్జ్.. జర్మన్ చక్రవర్తి పెట్టిన రూల్స్ ఏంటి? నలుపు, వెండి, బంగారు రంగులకు అర్థం ఇదే

పాత మిలటరీ మెడల్స్ వీడియోలు చూసేవాళ్లకు ఓ చిన్న బ్యాడ్జ్ తరచూ కనిపిస్తుంటుంది. కోడిగుడ్డు ఆకారం, మధ్యలో స్టీల్ హెల్మెట్, దాని వెనక రెండు కత్తులు, చుట్టూ ఆకుల దండ. చాలామంది దీన్ని శౌర్య పతకం అనుకుంటారు. కానీ కాదు. యుద్ధంలో గాయపడినందుకు ఇచ్చిన గుర్తు ఇది. మరి ఎవరికి ఇచ్చేవారు? రంగులు ఎందుకు వేరు? చూద్దాం.

అంతకుముందు రూల్స్ ఎలా ఉండేవి?

జర్మన్ సామ్రాజ్యంలో స్మారక పతకాలు కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిశాక 1871లో ఓ స్మారక పతకం ఇచ్చారు. పోరాడినవాళ్లకు శత్రువు నుంచి పట్టుకున్న ఫిరంగుల కంచుతో చేసింది, పోరాడకుండా సేవలందించినవాళ్లకు స్టీల్‌ది.

ఆ తర్వాత 1897 మార్చి 22న మొదటి విల్హెల్మ్ శతజయంతి వచ్చింది. ఆ సందర్భంగా ఇచ్చిన పతకానికి యుద్ధం చేసి ఉండాలన్న రూలే లేదు. ఆ రోజు సైన్యంలో ఉంటే చాలు. 1864, 1866, 1870-71 యుద్ధాల మాజీ సైనికులకూ ఇచ్చారు.

ఇక చక్రవర్తి వెన్నంటి ఉండే అడ్జుటెంట్ల సంగతి వేరు. యూనిఫామ్‌పై వేలాడే తాళ్లు, భుజం మీద రాజు పేరు అక్షరాలు చూస్తేనే తెలిసిపోయేది, వీళ్లు రాజుకు ఎంత దగ్గరో.

1918లో ఏం మారింది?

మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అప్పటికి మూడున్నరేళ్లు. ఐరన్ క్రాస్ సెకండ్ క్లాస్ లక్షల మందికి ఇచ్చేశారు. మరోవైపు గాయాలతో తిరిగొచ్చినవాళ్లూ లక్షల్లోనే ఉన్నారు. వాళ్ల దెబ్బలకు గుర్తింపుగా ప్రత్యేకంగా ఏమీ లేదు.

దీంతో 1918 మార్చి 3న చక్రవర్తి రెండో విల్హెల్మ్ సైన్యానికి గాయాల బ్యాడ్జ్ ప్రకటించారు. దేశం కోసం రక్తం చిందించినవాళ్లకు, యుద్ధక్షేత్రంలో శత్రువు దాడి వల్ల ఆరోగ్యం పోయి సర్వీసుకు పనికిరాకుండా అయినవాళ్లకు ఇది దక్కుతుంది.

ఏ రంగు ఎవరికి?

నలుపు: ఒకటి లేదా రెండు సార్లు గాయపడితే

వెండి: మూడు లేదా నాలుగు సార్లు అయితే

బంగారు రంగు: ఐదు, అంతకంటే ఎక్కువ సార్లు అయితే

ఇక్కడ ర్యాంకుతో పని లేదు. మామూలు సిపాయి ఐదుసార్లు గాయపడితే బంగారు రంగుదే పెట్టుకుంటాడు. జనరల్‌కు ఒక్కసారే దెబ్బ తగిలితే నలుపే. రాజుకు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఇది రాదు. దీన్ని ఛాతీకి ఎడమవైపు కింది భాగంలో పెట్టుకునేవారు.

అదే ఏడాది జూన్ 24న నేవీకి వేరే డిజైన్ వచ్చింది. అందులో హెల్మెట్ బదులు లంగరు, ఆకుల దండ బదులు గొలుసు. రంగుల లెక్క మాత్రం అదే.

ఈ బ్యాడ్జ్ అందుకున్నవాళ్లలో అడాల్ఫ్ హిట్లర్ కూడా ఉన్నాడు. 1916లో తొడకు గాయమైన అతనికి 1918 మే 18న నలుపు బ్యాడ్జ్ ఇచ్చారు.

కొనేముందు ఇది చూడండి

హెల్మెట్ మీద స్వస్తిక గుర్తు ఉంటే అది చక్రవర్తి కాలం నాటిది కాదు. ఆ గుర్తు నాజీల పాలనలో చేరింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే 1939లో హిట్లర్ ఈ బ్యాడ్జ్‌ను మళ్లీ తెచ్చాడు. కాబట్టి స్వస్తిక ఉన్న బ్యాడ్జ్ చూపించి "కైజర్ కాలంది" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. అలాగని స్వస్తిక లేనంత మాత్రాన అసలుదేనన్న గ్యారంటీ లేదు. నకిలీలూ ఉంటాయి.

చివరికి ఏమైంది?

బ్యాడ్జ్ ప్రకటించిన 18 రోజులకే, మార్చి 21న, జర్మనీ పశ్చిమ రంగంలో భారీ దాడి మొదలుపెట్టింది. మళ్లీ లక్షల మంది గాయపడ్డారు. నవంబర్ 9న చక్రవర్తి గద్దె దిగాల్సి వచ్చింది. అంటే బ్యాడ్జ్ పుట్టిన ఎనిమిది నెలలకే సామ్రాజ్యం పోయింది. అయినా బ్యాడ్జ్ ఇవ్వడం మాత్రం ఆగలేదు. యుద్ధం అయిపోయాక కూడా మాజీ సైనికులు దీన్ని అందుకున్నారు. ఇచ్చిన రాజు లేడు, పోరాడిన సామ్రాజ్యం లేదు. ఒంటి మీద గాయం మాత్రం అలాగే ఉంది.