ఎనభైయొక్క రేకుల చలికాలం

పిల్లలూ! ఉత్తర చైనాలో శీతకాలం మన శీతకాలం వంటిది కాదు. చెరువులూ కాలవలూ గడ్డకట్టుకుపోతాయి. వెనకటి రోజుల్లో పొలం పనులన్నీ ఆగిపోయేవి. దాచుకున్న ధాన్యమూ, వంటచెరకూ చలి తగ్గేదాకా సరిపోవాలి. కనక "ఈ చలి ఇంకా ఎన్నాళ్లు?" అన్నది అక్కడ ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. దానికి వాళ్లు ఒక లెక్క పెట్టుకున్నారు. పగలు అన్నిటికన్న పొట్టిగా ఉండే డిసెంబరు 21 లేక 22వ తేదీ నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిదిసార్లు లెక్కిస్తారు. ఆ 81 రోజులూ గడిస్తే చలి పోయినట్టే.

అసలు చలి ముదిరేది జనవరిలో గదా, లెక్క ముందుగానే ఎందుకు మొదలవుతుంది? తావో మతంవారి ఆలోచన వింటే తెలుస్తుంది. "తావో" అంటే దారి. ప్రకృతి నడిచే దారినే మనిషీ నడవాలంటారు వాళ్లు. చీకటి, చలి, విశ్రాంతి "యిన్". వెలుగు, వేడి, చలనం "యాంగ్". ఒకటి నిండుగా పెరిగినప్పుడే రెండవది దాని కడుపులో పుడుతుందట! అంటే, అన్నిటికన్న పొడుగైన రాత్రే యాంగ్ మొలకెత్తుతుందన్నమాట. లేతమొలక కనక దాన్ని కాపాడుకోవాలి. పసుపు చక్రవర్తి పేరుతో ఉన్న ప్రాచీన వైద్యగ్రంథం, శీతకాలంలో ఎండ వచ్చేదాకా నిద్ర లేవవద్దంటుంది. ఈ ముక్క మీకు బాగా నచ్చుతుందని తెలుసు. పెందలాడే పడుకోమని కూడా అందులోనే ఉంది!

యాంగ్ మొలక కంటికి కనపడదు. నీడను కొలిస్తే దొరుకుతుంది. హెనాన్ రాష్ట్రంలోని గావ్‌చెంగ్‌లో, 1276 ప్రాంతాన, గువో షౌజింగ్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక ఇటుకల గోపురం కట్టించాడు. అది ఇప్పటికీ ఉంది. దాని ఎదుట నేలమీద 31 మీటర్ల రాతి కొలబద్ద పరిచి ఉంది. గోపురం మీద అడ్డంగా బిగించిన కమ్మీ నీడ మిట్టమధ్యాహ్నం ఆ రాళ్లమీద పడేది. నీడ అతి పొడుగ్గా పడేదే మనం వెతికే రోజు. అయితే చిక్కేమిటంటే, ఆ నాలుగైదు రోజులూ నీడ దాదాపు మారదు. అందుకని అతను, అంతకు ముందొకనాడూ తరవాతొకనాడూ నీడ ఒకే పొడుగున ఉండే రోజులు పట్టి, వాటి నడిమి వేళను లెక్కగట్టాడు. ఎంత తెలివి! 1281లో అమలుకు వచ్చిన అతని పంచాంగంలో ఏడాదికి 365.2425 రోజులు. మనం వాడే ఇంగ్లీషు క్యాలెండరు పుట్టింది 1582లో. దాని లెక్కా సరిగ్గా ఇంతే.

చైనా జ్యోతిషంలో ఏళ్లకూ, నెలలకూ, వేళలకూ కూడా పన్నెండు జంతువులున్నాయి. సూర్యుడు ఉత్తరానికి మళ్లే ఆ నెల ఎలుకది. రాత్రి 11 నుంచి 1 గంటదాకా కూడా ఎలుకదే. ఆ నెల ఏడాదికి అర్ధరాత్రి వంటిదన్నమాట. తరవాతి నెల ఎద్దుది. ఫిబ్రవరి 4 ప్రాంతంలో వసంతాన్ని తెచ్చే నెల పులిది. గుర్తుపెట్టుకోవటానికి ఇదంతా ముచ్చటగానే ఉంది. కాని ఫలానా జంతువు ఏట పుట్టినవారి గుణం ఫలానా అన్న మాట ఏ కొలబద్దకూ అందదు. దానివల్ల కీడు కూడా జరిగింది. "అగ్ని గుర్రం" ఏట పుట్టిన ఆడది మొగుణ్ణి పొట్టన పెట్టుకుంటుందని జపానులో ఒక నమ్మకం. అక్కడ 1965లో 18 లక్షలకు పైగా పిల్లలు పుట్టారు. గుర్రం ఏడైన 1966లో పుట్టినవారు సుమారు 13 లక్షల 60 వేలే!

ఇక రేకుల సంగతి. మంచు పోకముందే పూచే "మెయ్" చెట్టు కొమ్మను చైనావాళ్లు కాగితం మీద గీసేవారు. దానికి తొమ్మిది పూలు, పూవుకు తొమ్మిది రేకులు. రోజుకొక రేకుకు రంగు వేస్తే, కొమ్మ అంతా నిండేసరికి వసంతం వచ్చేది. కొందరు పూలకు బదులు 81 సున్నాలు చుట్టేవారు. మబ్బు పట్టిననాడు సున్నా పైభాగాన్నీ, ఎండ కాస్తే కిందిభాగాన్నీ, గాలి వీస్తే ఎడమభాగాన్నీ, వాన పడితే కుడిభాగాన్నీ, మంచు కురిస్తే నడిమినీ దిద్దేవారు. ఏ రోజు ఎలా గడిచిందో ఆ కాగితం చూసి చెప్పవచ్చు.

మీరు డిసెంబరు 22న మొదలుపెడితే, ఆఖరి సున్నా మార్చి 12న నిండుతుంది. లీపు సంవత్సరమైతే ఒకరోజు ముందే. మన ఊళ్లలో నడిమి భాగం మాత్రం ఖాళీగానే ఉండిపోతుంది.