కావలివారిని కట్టివేసినచో

దేహరక్షణకై యేర్పడిన తెల్లకణములే అదుపు తప్పి లింఫోమా యను కేన్సరగుట విపరీతమే. పరుని మూత్రపిండమును గ్రహించిన రోగి దేహము దానిని తిరస్కరింపకుండుటకై వైద్యులు టి-కణముల బలమును మందులతో నణచెదరు. పెద్దలలో నూటికి 90 మందికి పైగా బి-కణములలో ఎప్‌స్టీన్-బార్ వైరసు జీవితాంతము దాగియుండును. దానిని నిలువరించునవి యా టి-కణములే. కావలివారు బంధింపబడగా, కొందరిలో వైరసు సోకిన బి-కణములు విచ్చలవిడిగా పెరిగి గడ్డలగును.

1984లో అమెరికాలో డాక్టరు థామస్ స్టార్జ్‌లును, ఆయన సహచరులును, అణచు మందును తగ్గించుటచేతనో, మానుటచేతనో యిట్టి గడ్డలు కరగెనని ప్రకటించిరి. అయితే మందు మితిమీరి తగ్గెనా, దానముగా వచ్చిన యవయవమే నశింపవచ్చును. ఈ రెంటి నడిమి యిరుకుదారియే చికిత్స. కావలి లేని రాజ్యమును, కావలివానికి కట్టడి లేని రాజ్యమును నిలువవు. దేహమునకును అదియే నీతి.