ఎత్తు పెంచిన జీపు – ముందు చక్రముల పొందిక

హోసూరు మిట్టనుండి కృష్ణగిరి పల్లమునకు దిగు బండికి స్టీరింగు పట్టే ప్రాణము. జీపు ఎత్తు పెంచినచో ముందు చక్రముల కోణములు మారునని మన మెరుగవలెను.

చక్రము మళ్ళు కీలు పైకొన వెనుకకు వాలియుండుట క్యాస్టరు. సైకిలు ఫోర్కు వాలు ఇట్టిదే. ఇది తగ్గినచో మలుపు దాటిన పిదప స్టీరింగు తనంత తాను నడిమికి రాదు. బండి తిన్నగా సాగదు. చక్రము లోనికో వెలికో ఒరగుట క్యాంబరు. రెండు చక్రముల ముందు అంచుల ఎడమునకును, వెనుక అంచుల ఎడమునకును గల తేడా టో. ఇది తప్పినచో టైర్లు వేగముగ అరుగును.

మొదట క్యాస్టరును, వీలున్నచో క్యాంబరును సవరించి, స్టీరింగును నడిమిన నిలిపి, తుదకు టై రాడ్డుతో టోను సరిచేయవలెను. మొదటివి కదలినచో టో మరల మారును గదా! కావున ఎత్తు పెంచిన బండిని అలైన్‌మెంటు చేయింపక కనుమ దింపరాదని మా హితవు.