ఖాళీ ఏళ్లను ఏలిన రాజులు

రోమ్ నగరాన్ని కట్టినవాడు రోములస్ అని చాలామందికి తెలుసు. ట్రాయ్ తగలబడిపోతుంటే ముసలి తండ్రిని భుజాన వేసుకుని బయటపడిన ఈనియాస్ రోమన్ల మూలపురుషుడన్న కథ కూడా కొందరు వినే ఉంటారు. మరి ఈ ఇద్దరికీ చుట్టరికం ఏమిటి? తొలినాటి రోమన్ కవులు నేవియస్, ఎన్నియస్‌ల లెక్కలో రోములస్ ఈనియాస్ కూతురి కొడుకు. తాతా మనవళ్లు, అంతే.

చిక్కంతా తేదీలతో వచ్చింది. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ లెక్క ప్రకారం ట్రాయ్ కూలింది క్రీ.పూ. 1184లో. రోమ్ పుట్టిందని చివరికి స్థిరపడిన ఏడు క్రీ.పూ. 753. తాతకూ మనవడికీ మధ్య 431 ఏళ్లు తేలాయి!

ఆ ఖాళీని పూడ్చడానికి దిగినవాళ్లే ఆల్బా లాంగా రాజులు. ఈనియాస్ కొడుకు అస్కేనియస్ ఆ ఊరు కట్టాడనీ, సిల్వియస్ మొదలుకొని రోములస్ తాత నూమిటర్ దాకా డజనుకు పైగా రాజులు దాన్ని ఏలారనీ ఒక జాబితా తయారైంది. అందులోని పేర్లు చూస్తే అల్లినవాళ్ల పనితనం ఇట్టే పట్టుబడుతుంది. టైబరైనస్ ఏటిలో మునిగి చనిపోయాడు కాబట్టి, అంతవరకూ ఆల్బులా అనే ఆ ఏరు టైబర్ అయిందట. అవెంటైనస్‌ను పూడ్చిన కొండ అవెంటైన్ అయిందట. నిజానికి ఏరూ కొండా ముందే ఉన్నాయి, రాజులే తర్వాత పుట్టారు. చాలామందికి చెప్పుకోదగ్గ కథే లేదు. పేరు, పాలించిన ఏళ్లు, చావు!

చరిత్రకారుడు లివీకే అనుమానాలున్నాయి. అస్కేనియస్ తల్లి ట్రాయ్ ఇల్లాలు క్రెయూసానో, ఇటలీలో కట్టుకున్న లవీనియానో తేల్చలేనన్నాడు. ఆ ఒక్క సందేహం వెనక పెద్ద ఇల్లే ఉంది. జూలియస్ వంశంవారు తమ ఇంటిపేరు క్రెయూసా కొడుకు యూలస్ నుంచి, అంటే ఈ అస్కేనియస్ నుంచే వచ్చిందనేవారు. ఈనియాస్ తల్లి వీనస్ దేవత మరి! క్రీ.పూ. 69లో మేనత్త జూలియా అంత్యక్రియల ప్రసంగంలో ఆ ఇంటివాడైన సీజర్ ఆమె తల్లివైపు రాజులనూ, తండ్రివైపు దేవతలనూ లెక్కపెట్టాడు. రాజులను వెళ్లగొట్టామని గర్వపడే ఊళ్లో ఆ మాట అనడానికి గుండెధైర్యం కావాలి. క్రీ.పూ. 46లో వంశమాతగా వీనస్‌కు గుడే అంకితం చేశాడు.

అతని దత్తపుత్రుడు అగస్టస్ క్రీ.పూ. 2లో ప్రారంభించిన ప్రాంగణంలో ఒకవైపు రోములస్‌నూ, ఎదురుగా ఈనియాస్‌నూ నిలబెట్టాడు. ఈనియాస్ వైపు వరుసలో ఆల్బా రాజులు, వాళ్ల సరసనే జూలియస్ ఇంటివాళ్లు. ఆ విగ్రహాల కింది శాసనాల ముక్కలు తవ్వకాల్లో దొరికాయి.